స్వస్థత రాకపోతే విశ్వాసం తక్కువైనట్టేనా?

ఒలీవకొమ్మ:
అందరికీ వందనాలు. ఒక విషయం తేల్చుకోలేక రాస్తున్నాను. అమ్మకు రెండేళ్లుగా డయాలసిస్. పోయిన నెల ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం. వచ్చిన దైవసేవకుడు అమ్మ తల మీద చేయి పెట్టి చాలాసేపు ప్రార్థించి, చెప్పులు వేసుకుంటూ "అమ్మా, దేవుడు సిద్ధంగానే ఉన్నాడు, మీలోనే ఎక్కడో అవిశ్వాసం అడ్డుపడుతోంది" అన్నారు. ఆ రోజు నుంచి అమ్మ బీపీ మాత్రలు బైబిలు జిప్ కవర్లో దాచుకుంటోంది. ఎవరైనా చూడ్డానికి వస్తే వంటింట్లోకి వెళ్లి వేసుకుంటోంది. మందు మింగడం అవిశ్వాసమా? జబ్బు తగ్గకపోతే తప్పు రోగిదేనా? ఓదార్పు మాటలు వద్దు, వాక్యం ఏమంటుందో చెప్పండి.

ఆవగింజ:
వందనాలు సిస్టర్. మందులు మానమని నేనైతే అనను, లూకాను పౌలు ప్రియమైన వైద్యుడనే పిలిచాడు. కానీ విశ్వాసానికీ స్వస్థతకూ సంబంధం లేదంటే మాత్రం ఒప్పుకోను. పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీతో ప్రభువు "నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను" అన్నాడు. ఆయన సొంతూరు నజరేతులో జనం నమ్మలేదు, అక్కడ కొద్దిమంది రోగులే బాగయ్యారు. సందేహిస్తూ అడిగేవాడు గాలికి ఎగిరిపడే సముద్రతరంగం లాంటివాడని యాకోబు రాశాడు. మా అన్నయ్యకు జ్వరం మెదడుకెక్కి డాక్టర్లు ఆశ వదులుకున్నాక మా సంఘం మూడు రాత్రులు మోకాళ్ల మీద ఉంది. ఇవాళ అన్నయ్య ఆటో నడుపుకుంటున్నాడు. విశ్వాసాన్ని పక్కన పెట్టేస్తే ప్రార్థన ఉత్త అలవాటుగా మిగిలిపోతుంది.

ద్రాక్షతీగ:
ఆవగింజ గారూ, మీ అన్నయ్య విషయంలో దేవునికి స్తోత్రం. కానీ మీరు చెప్పిన చోట్లే ఇంకోసారి చదవండి. నజరేతులో నమ్మనిది మంచం పట్టిన రోగులని మార్కు రాయలేదు, ఇతను మన వడ్లవాడే కదా అని చులకన చేసిన ఊరివాళ్ల గురించి రాశాడు. యాకోబు 5లో విశ్వాసంతో ప్రార్థించాల్సింది ఎవరు? రోగి పిలిపించిన సంఘపు పెద్దలు! ఆ లెక్కన అడ్డు ఎక్కడుందో చూసుకోవాల్సింది తల మీద చేయి పెట్టినవారే. కపెర్నహూములో ఇంటికప్పు విప్పి పక్షవాయువు గలవాణ్ణి దించినప్పుడు యేసు "వారి విశ్వాసము" చూశాడని ఉంది, అంటే మోసుకొచ్చినవాళ్లది కూడా లెక్కకొచ్చింది. బేతెస్ద కోనేరు దగ్గర 38 ఏళ్లుగా జబ్బుతో ఉన్న మనిషికైతే తనను బాగుచేసింది ఎవరో కూడా తెలియదు.

పౌలు సంగతి చూడండి. తన శరీరంలో ముల్లులా బాధపెట్టినదాన్ని తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు, ముల్లు పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. తనతో సేవలో తిరిగిన త్రోఫిము రోగియై ఉంటే అతన్ని మిలేతులో వదిలి వచ్చానని అదే పౌలు రాశాడు, అతనికి విశ్వాసం లేదని ఒక్క మాట అనలేదు. కడుపు జబ్బు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని తిమోతికి చెప్పాడు, అది ఆ రోజుల్లో మందే.

నాకు ఎక్కువ భయం వేసేది లూకా 18లో యేసు చెప్పిన ఉపమానం. ధర్మశాస్త్రం గట్టిగా పాటించే పరిసయ్యుడు ప్రార్థన కృతజ్ఞతతోనే మొదలుపెట్టాడు, వారానికి రెండుసార్లు ఉపవాసం, పదోవంతు, అన్నీ నిజమే. దూరంగా నిలబడ్డ సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) వైపు చూసి తనను కొలుచుకున్న క్షణంలో ప్రార్థన చెడిపోయింది. ఎదుటివాళ్ల విశ్వాసం ఎంతుందో చెప్పేవాళ్లం నిలబడేది ఆ చోటే. ఇది ఊరికే అనడం లేదు. పదేళ్ల కింద ఆసుపత్రి వరండాలో ఒక తల్లితో నేనూ "ఇంకొంచెం నమ్మమ్మా" అన్నాను. బాబు బతకలేదు. ఆవిడ మళ్లీ మందిరం గడప తొక్కలేదు.

ఆవగింజ:
అది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. రోగిని నిందించడం తప్పే, ఒప్పుకుంటున్నాను. అయినా బాగవుతుందని గట్టిగా అడగడం మాత్రం మానకండి, దీనత్వం పేరుతో చిన్నగా అడగడం కూడా నాకు సరైందనిపించదు.

ద్రాక్షతీగ:
గట్టిగానే అడుగుదాం. సిలువకు ముందు రాత్రి గెత్సేమనేలో ప్రభువు కూడా ఆ శ్రమల గిన్నె తొలగించమని అడిగాకే "నీ చిత్తప్రకారమే" అన్నాడు.

ఒలీవకొమ్మ:
అమ్మకు రాత్రి మార్కు 9 చదివి వినిపించాను. జబ్బుపడ్డ కొడుకును యేసు దగ్గరికి తెచ్చిన తండ్రి "నమ్ముతున్నాను, నా అపనమ్మకంలో సాయం చెయ్యి" అని అరిచిన చోట ఆపమంది. "ఆ పిల్లాడు బాగయ్యాడుగా?" అని అడిగింది. బాగయ్యాడమ్మా అన్నాను. రేపు పొద్దున ఆరింటికి మళ్లీ డయాలసిస్‌కి బయలుదేరాలి, సూది పెట్టే చేయి బాగా వాచింది. వీలైతే ఆ చేయి కోసం ప్రార్థించండి.