సెప్టెంబరులో పఫిన్ ఎక్కడుందో తేలడం లేదు

పఫిన్ అనే సముద్రపక్షి కాలి రింగుకు కట్టిన జియోలొకేటర్ డేటా చూస్తున్నాను. ఇది వెలుతురును నమోదు చేసే చిన్న ట్యాగ్; పగటి పొడవును బట్టి అక్షాంశం, మధ్యాహ్నం ఎప్పుడయిందో దాన్ని బట్టి రేఖాంశం లెక్కగడతాం. సెప్టెంబరు 22కి అటూ ఇటూ పగలూ రాత్రీ అన్నిచోట్లా దాదాపు సమానం కాబట్టి అక్షాంశం కుదరడం లేదు. ఒకరోజు గ్రీన్‌లాండ్ దగ్గర, మర్నాడు ఆఫ్రికా తీరంలో! రేఖాంశం మాత్రం బాగానే ఉంది. వెలుతురు థ్రెషోల్డ్ (సూర్యోదయం, సూర్యాస్తమయం అని లెక్కలోకి తీసుకునే వెలుతురు స్థాయి) మార్చాను, స్మూతింగ్ (ఎగుడుదిగుళ్లను సర్దడం) పెంచాను, లాభం లేదు. ట్యాగ్ కొలిచిన నీటి ఉష్ణోగ్రతను శాటిలైట్ మ్యాపుతో పోలుద్దామంటే ఇంకో చిక్కు. పక్షి నీటి మీదే ఉండి కాలిని ఈకల్లోకి ముడుచుకుంటే సెన్సర్ 'పొడి' అంటుంది, 9 డిగ్రీల రీడింగ్ 20 దాటుతుంది. కాలు మళ్లీ నీళ్లలో పెట్టినా ట్యాగ్ వెంటనే చల్లబడదు. వరుసగా 10 నిమిషాలు తడిగా ఉన్న రీడింగులే తీసుకుంటున్నా, వేడి విలువలు దొర్లుతూనే ఉన్నాయి. ఇలాంటి ట్యాగులతో పనిచేసినవాళ్లు కనీసం ఎన్ని నిమిషాలు తడిగా ఉన్నాక ఉష్ణోగ్రతను నమ్ముతున్నారు?