అప్‌డేట్: అందరూ కలిసి చూసే సినిమా అడిగాను కదా

పర్లాకిమిడిలో మా ఇంటికి దసరాకి అందరూ వస్తున్నారు, అత్తగారి నుంచి నాలుగేళ్ల పాప దాకా ఇబ్బంది లేకుండా చూసే సినిమాలు చెప్పమని అడిగాను. మీరు చెప్పినవాటిలో మూడు చూశాం.

ముందు 1957 నాటి ‘మాయాబజార్’. మా తోటికోడలిది ఒడియా కుటుంబం, ఆమె పిల్లలకి తెలుగు వినడమే వచ్చు, చదవడం రాదు. అయినా ఘటోత్కచుడి విందు దగ్గర ఎవరికీ అర్థం చెప్పక్కర్లేకపోయింది. ఎస్.వి. రంగారావు గారు ఒక్కో పళ్లెం లాక్కుంటుంటే పాప లేచి నిలబడి చూసింది. అత్తగారు పాటంతా కూడా పాడారు! మూడు గంటల సినిమా కాబట్టి మధ్యలో భోజనాలకి ఆపాం. చిన్నపిల్లలుంటే మీరూ అలాగే చేయండి.

‘ఆదిత్య 369’ పెద్ద పిల్లలకి తెగ నచ్చింది. టైమ్ మెషీన్‌లో కృష్ణదేవరాయల కాలానికి వెళ్లాక ఒక్కరూ కదల్లేదు.

‘ఈగ’ మాత్రం పాపని పడుకోబెట్టాకే పెట్టాం. హీరోని చంపే సీన్ ఆ వయసుకి బరువే అని నా అభిప్రాయం. మిగతా అందరికీ బాగుంది.

సెన్సార్ సర్టిఫికెట్ చూడమన్నవాళ్లకి థాంక్స్. ‘యు’ అంటే అన్ని వయసులకీ. ‘యుఎ’ అంటే పిల్లలకి చూపించాలా వద్దా అని పెద్దలు చూసుకోవాల్సినవి. 2024 నుంచి ఆ ‘యుఎ’లో వయసుని బట్టి 7+, 13+, 16+ అని విడిగా ఇస్తున్నారు, కొత్త సినిమాలకి అది చాలా పనికొస్తుంది.

సంక్రాంతికి ‘గుండమ్మ కథ’ అని అత్తగారు ఇప్పుడే చెప్పేశారు.