చెన్నై–డాలస్ పన్నెండున్నర గంటలేనా? దూరం ఏది నమ్మాలి?

కావలి కుర్రోడు:
అమ్మానాన్నలకి జులైలో చెన్నై–దుబాయ్–డాలస్ టికెట్లు తీశా. 15వ తేదీ తెల్లవారుజామున 4:00కి బయల్దేరి, అదే రోజు సాయంత్రం 4:30కి డాలస్ చేరతారని ఉంది. దూరమేమో ఒక సైట్లో 14,900 కిలోమీటర్లు, ఇంకోదాంట్లో 15,850. ఏది నిజం? కావలిలో ఎన్నింటికి బయల్దేరాలి?

పెన్నా గట్టు:
రెండు దూరాలూ నిజమే. 14,900 అనేది గ్లోబు మీద చెన్నై నుంచి డాలస్‌కి దారం బిగించి లాగితే వచ్చేది. ఆ దారం ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది. దుబాయ్ మీదుగా అయితే 2,930, ఆపైన 12,920. అంటే అదనం 950 కిలోమీటర్లే. గోడమీది మ్యాపులో పెద్ద చుట్టులా కనపడుతుంది కానీ అది మ్యాపు చేసే మోసం.

టైం సంగతికొస్తే, టికెట్లో ఏ ఊరి టైం ఆ ఊరిదే వేస్తారు. జులైలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. పన్నెండున్నరకి అది కలిపితే 23 గంటలు. దుబాయ్‌కి 4:10, అక్కడ ఆగేది 2:50, డాలస్‌కి 16. సరిపోయిందా? నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా తేడా పదకొండున్నర అవుతుంది.

చేత్తో అంచనా వేయాలంటే కిలోమీటర్లని 850తో భాగించి అరగంట కలపండి. పడమరకి పోయేప్పుడు ఎదురుగాలి, అందుకని కాస్త ఎక్కువే పడుతుంది. వచ్చేప్పుడు అదే గాలి వెనకనుంచి తోస్తుంది, దుబాయ్ దాకా గంటకి పైనే కలిసొస్తుంది.

సూళ్లూరుపేట బైపాస్:
అన్నిటికంటే ముందు తేదీ చూసుకో అబ్బాయ్. 15 తెల్లవారుజాము 4 అంటే 14 రాత్రే ఎయిర్‌పోర్టులో ఉండాలి. 15 రాత్రి వెళ్లి లబోదిబోమనే వాళ్లున్నారు. కావలి నుంచి దాదాపు 240 కిలోమీటర్లు, కారులో ఐదు గంటలు వేసుకో. మూడు గంటల ముందు, అంటే ఒంటిగంటకి అక్కడుండాలంటే 14 రాత్రి ఎనిమిదికే కదలాలి. చెన్నై ఊళ్లోకి దూరొద్దు. పుళల్ దగ్గర బైపాస్ ఎక్కి అంబత్తూరు, పోరూరు మీదుగా పో. రైలైతే రాత్రి తొమ్మిదిలోపు సెంట్రల్లో దిగే బండి చూడు, బాగా పొద్దుపోతే మెట్రో ఉండదు.

కావలి కుర్రోడు:
థాంక్స్ అన్నా. దుబాయ్‌లో 2:50 సరిపోతుందా? నాన్నకి మోకాళ్ల నొప్పులు.

పెన్నా గట్టు:
రెండు విమానాలూ ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే సరిపోతుంది. పెట్టెలకి చెన్నైలోనే డాలస్ దాకా ట్యాగు వేస్తారు, రసీదు మీద డాలస్ ఎయిర్‌పోర్టు కోడ్ డీఎఫ్‌డబ్ల్యూ అని ఉందో లేదో చూడమనండి. వేరువేరు టికెట్లయితే మాత్రం 2:50తో పెట్టుకోవద్దు. మొదటిది ఆలస్యమైతే రెండోవాళ్లకి పట్టదు. వీల్‌చెయిర్ కనీసం 48 గంటల ముందే అడిగి, టికెట్లో ఎక్కిందో లేదో మళ్లీ చూడండి. మందులు చేతిసంచీలోనే.

సూళ్లూరుపేట బైపాస్:
తిరుగు ప్రయాణానికి కారు మాట్లాడేప్పుడు జాగ్రత్త. డాలస్‌లో ఆదివారం సాయంత్రం ఎక్కితే చెన్నైలో దిగేది మంగళవారం తెల్లవారుజామున. చాలామంది సోమవారానికి పంపిస్తారు.