చెయ్యి చాపితే బుసకొట్టే పిల్లి పిల్లల్ని మచ్చిక చేయడం ఎలాగండి?

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. పెరట్లో కొబ్బరి డొక్కలు పోగేసిన పాకలో ఓ దొంగపిల్లి మూడు పిల్లల్ని పెట్టింది (కోరింగ మడ అడవుల్లో తిరిగే బావురుపిల్లి కాదండోయ్, మామూలు ఊరపిల్లే). రెండు నుంచి ఏడెనిమిది వారాల లోపు మనిషి చెయ్యి అలవాటైతే సులువుగా మచ్చికవుతాయట, వీటికి పది వారాలు దాటిపోయాయి, అదే నా టెన్షన్.

మా అత్తయ్య చేపలు తోముతుంటే మూడూ వస్తాయి. ఎర్రది మాత్రం మూరెడు దూరం దాకా వచ్చి, చెవులు వెనక్కి పెట్టి, బుస్సుమని, చేప తలకాయ లాక్కుని డొక్కల్లోకి దూరిపోతుంది. పోయిన వారం ఓపిక పట్టలేక తువ్వాలు వేసి పట్టుకున్నాను, బొటనవేలు చీరేసింది. సబ్బుతో పావుగంట కడుక్కుని రేబిస్ టీకా మొదలుపెట్టించుకున్నాను. తప్పు నాదేలెండి.

ఇలాంటివాటిని పెంచినవాళ్లు చెప్పండి: ఓ చిన్న గదిలో పెట్టి అలవాటు చేయాలా, లేక పాకలోనే వదిలేసి రోజూ ఒకే టైముకి తిండి పెడుతూ పక్కన కూర్చుంటే చాలా? మూడింటినీ కలిపే ఉంచితే నా దగ్గరికి రావేమో అని అనుమానం. పన్నెండు వారాలకి రేబిస్ టీకా వేయించాలి, పట్టుబడనిదాన్ని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లడం ఎలా? తల్లికి ఆపరేషన్ కూడా చేయించాలి, మళ్లీ చూడి కట్టేలా ఉంది.

ఇంకోటి, అత్తయ్య గేదె పాలు పోస్తోంది, పిల్లులకి పాలు అరగవన్నా వినడం లేదు. ఆవిడకి ఎలా చెప్పాలో కూడా చెప్పండి బాబూ.