ఘాటు సిగార్‌కి ఘాటు బర్బనేనా?

లెక్సింగ్టన్_వాసి:
అందరికీ నమస్కారం. నెలకోసారి శనివారం సాయంత్రం పెరట్లో కూర్చుని ఒక సిగార్ కాలుస్తాను, పక్కన కాస్త బర్బన్, అంటే అమెరికా మొక్కజొన్న విస్కీ. మొన్న నికరాగ్వా మడూరో (నల్ల ఆకు సిగార్)తో ‘బాటిల్డ్ ఇన్ బాండ్’ బర్బన్ తీసుకున్నాను. చట్టం ప్రకారం అది 50 శాతం ఆల్కహాల్. సగం కాలేసరికి నాలుక మొద్దుబారింది, ఆకు రుచే తెలియలేదు. నా ఫ్రెండేమో ఘాటుకి ఘాటే జోడీ అంటాడు. నాకది తప్పనిపిస్తోంది. మీరేమంటారు?

డాలస్_పొగ:
మీ ఫ్రెండ్ చెప్పిందే కరెక్ట్ అండీ. మడూరో ఆకుని ఎక్కువ కాలం మాగబెడతారు. ఆ నలుపు, ఆ కాఫీ, చాక్లెట్ లాంటి రుచి అందుకే. దాని పక్కన 40 శాతం బర్బన్ పెడితే నీళ్ళు తాగినట్టే. కనెటికట్ షేడ్ లాంటి లేత ఆకుకైతే అది చాలు.

పీపా_రుచి:
శాతం ఒక్కటే చూడకండి, గింజ చూడండి. బర్బన్‌కి కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. మిగతా దాంట్లో ఎక్కువగా రై అనే ధాన్యం వేస్తారు, అది మిరియాల కారం తెస్తుంది. నికరాగ్వా ఆకుదీ అదే కారం. రెండూ కలిస్తే నాలుకకి ఇంకేం తెలుస్తుంది? మేకర్స్ మార్క్ అనే బర్బన్‌లో రై బదులు గోధుమ వాడతారు. 45 శాతం ఉన్నా గొంతులో మెత్తగా దిగుతుంది. లోపల బొగ్గయ్యేలా కాల్చిన కొత్త ఓక్ పీపా నుంచి వచ్చే వెనీలా, పాకం వాసన పొగలో కలిసే క్షణం ఒకటుంటుంది. నేను సిగార్ వెలిగించేదే దానికోసం. కారం ఎక్కువైతే ఆ క్షణం దొరకదు.

ఇంకో మాట. దమ్ముకీ దమ్ముకీ మధ్య ఒక నిమిషం ఆగండి. గబగబా లాగితే సిగార్ వేడెక్కి చేదవుతుంది, మనం బర్బన్‌ని తిడతాం.

లంక_పొగాకు:
మా తాతగారు గోదావరి లంకల్లో పండిన ఆకుతో చుట్ట చుట్టుకునేవారు. శ్రీకాకుళం వైపు మా మేనత్త అడ్డపొగ తాగేది. పక్కన మందు పెట్టుకోవడం నేను చూడలేదు. ఆకు మంచిదైతే మంచినీళ్ళు చాలండీ. మందు ఏదైనా ఆకు రుచిని కప్పేస్తుంది.

ఈఎన్టీ_డాక్టర్:
అడ్డపొగ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. నిప్పు నోట్లో పెట్టుకునే ఆ అలవాటుతో అంగిలికి క్యాన్సర్ వస్తుంది. సిగార్ పొగ మింగకపోయినా నోటికి, గొంతుకి ప్రమాదం తప్పదు. పొగాకు, మద్యం కలిస్తే ఆ ముప్పు విడివిడి ముప్పుల కూడికకన్నా ఎక్కువ. జోడీ కుదరడమంటే నాకు భయం అందుకే. నోట్లో మానని పుండు, తెల్ల మచ్చ కనిపిస్తే వెంటనే చూపించుకోండి.

లెక్సింగ్టన్_వాసి:
డాక్టర్ గారూ, ఇక మూడు నెలలకోసారే. నోరు కూడా చూపించుకుంటాను.

నిన్న అదే మడూరోతో రెండు గ్లాసుల్లో కొద్దికొద్దిగా పోసి చూశాను. మొదటి సగానికి గోధుమ బర్బనే బాగుంది, వెనీలా స్పష్టంగా తెలిసింది. చివరి మూడో వంతులో పొగ చిక్కబడ్డాక మాత్రం అది తేలిపోయింది. అప్పుడు మొన్నటి 50 శాతం బర్బన్‌లో చెంచాడు నీళ్ళు కలిపితే సరిపోయింది. డాలస్ గారూ, అంతవరకూ మీ మాట ఒప్పుకుంటున్నాను. నీళ్ళు కలపకుండా మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.