టర్కీ ఒంటెల కుస్తీ: ఆ జాతిని నిజంగా నిలబెట్టేది ఎవరు?

ప్రశ్న: టంగుటూరు రైతు

మా ఇంట్లో ఒంగోలు గిత్తల జత ఉంది. సంక్రాంతికి బండలాగుడు పోటీలకు తీసుకువెళతాము. మొన్న ఫోనులో టర్కీ ఒంటెల కుస్తీ చూశాను. మెడలో గంటలు, వీపున రంగురంగుల జీను, నోటి నిండా నురగ. రెండు పోతులు మెడలు పెనవేసుకుని తోసుకుంటున్నాయి. మూపురం ఒకటే, కానీ రాజస్థాన్ ఒంటెలా లేదు. మెడ కింద దట్టంగా జూలు, లావుపాటి కాళ్ళు. అది ఏ జాతి? బరువులు మోసే పని పోయాక కూడా వాటిని ఎందుకు మేపుతున్నారు?

జవాబు: కావలి పశువైద్యుడు

మీరు చూసింది సంకరం. తల్లి ఒంటిమూపురపు ఒంటె, తండ్రి మధ్య ఆసియా వైపు నుంచి తెచ్చే రెండు మూపురాల పోతు. పుట్టినదాన్ని టూలూ అంటారు. యోరుక్ సంచారులు చలికాలం మధ్యధరా తీరంలో ఉండి, వేసవికి మందలతో టారస్ కొండలు ఎక్కేవారు. తల్లి జాతి మంచుకు ఆగదు, తండ్రి జాతి తీరపు ఎండకు ఆగదు. టూలూ రెండింటినీ తట్టుకుంటుంది, ఇద్దరికంటే ఎక్కువ బరువు మోస్తుంది. మేకవెంట్రుకలతో నేసిన నల్లగుడారం, గిన్నెలు, తివాచీలు అన్నీ దాని వీపు మీదే కొండెక్కేవి.

చిక్కల్లా ఇక్కడే ఉంది. టూలూలను వాటిలో వాటికే దాటిస్తే నాసిరకం పిల్లలు పుడతాయి. ప్రతిసారీ అసలు తల్లినీ అసలు తండ్రినీ కలపాలి. పైగా చూడి దాదాపు 13 నెలలు, ఈతకు ఒక్క పిల్ల. అంటే ఆడ ఒంటెల మందను ఓపికగా మేపేవారు లేకపోతే టూలూ అనేదే ఉండదు.

మా అబ్బాయి ఇజ్మీర్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు జనవరిలో ఆ దగ్గరి సెల్చుక్ పట్టణానికి వెళ్ళి ఈ కుస్తీ చూశాను. కరవకుండా మూతులకు తాడు కడతారు. పోతులు ఎదకు వచ్చే కాలం చలికాలమే కాబట్టి పోటీలన్నీ అప్పుడే. వెన్ను చూపి పారిపోయినది, కిందపడినది, అరిచినది ఓడినట్టు. దెబ్బ తగిలేలా ఉంటే తాళ్ళు పట్టుకున్న మనుషులు వెంటనే విడదీస్తారు. గెలిచినదాని యజమానికి తివాచీ ఇవ్వడం ఆచారం. జీను వెనక వేలాడే గుడ్డ మీద ఒంటె పేరు, కింద దిష్టి తగలకుండా ‘మాషల్లా’ అని కుట్టి ఉంది. ఒక ముసలాయన తన పోతు మూతి నురగను తన కండువాతోనే తుడుస్తున్నాడు. నేను ఎంతసేపు చూశానో!

అయినా నా మాట ఇది: కుస్తీ పోతును కాపాడింది, మందను కాపాడలేదు. లారీలు, ట్రాక్టర్లు వచ్చాక టర్కీలో ఒంటెలు దారుణంగా తగ్గిపోయాయి. పోటీలకు ఇరాన్ నుంచి కొని తెచ్చుకునేవారు చాలామంది. మన దగ్గరా గిత్తకు లక్షలు పోసేవారున్నారు. ఒంగోలు ఆవును కట్టేసే ఇల్లు ఊరికి ఎన్ని?

జవాబు: నెల్లూరు, చరిత్ర విద్యార్థిని

లారీల కంటే ముందే మరో దెబ్బ పడింది. 1865లో ఒట్టోమన్ ప్రభుత్వం దక్షిణ టర్కీలోని చుకురోవా ప్రాంతానికి సైన్యాన్ని పంపి సంచార తెగలను బలవంతంగా ఊళ్ళలో స్థిరపరిచింది. మనిషి తిరగడం ఆగితే ఒంటెకు పనేముంది? పెళ్ళికూతురు ఒంటె మీద అత్తింటికి వెళ్ళిన సంబరం కూడా ఆ తిరుగుడు బతుకుదే. సారికెచిలి యోరుక్‌లు మాత్రం ఇప్పటికీ మెర్సిన్ తీరానికీ కొన్యా పచ్చికలకూ మధ్య మేకలతో వలస వెళుతున్నారు.

టంగుటూరు రైతు

డాక్టరు గారూ, పూట గడిచేది గేదె పాలతో. ఆవును మేపాలంటే మేతకు డబ్బెక్కడిది?

కావలి పశువైద్యుడు

పాల లెక్క ఒక్కటే చూస్తే గేదె గెలుస్తుంది, కాదనను. బ్రెజిల్‌వారు నెల్లూరు పేరే పెట్టుకుని మన ఒంగోలు జాతిని మాంసం కోసం కోట్లలో పెంచుకున్నారు. మన రైతుకు ఆ దారి లేదు. అందుకే పోటీ సొమ్ములో వాటా ఆవుకు రావాలి. గిత్త గెలిస్తే దాన్ని కన్న ఆవును మేపుతున్న ఇంటికి కూడా బహుమతి ఇవ్వమని వచ్చే సంక్రాంతికి ముందే మీ ఊరి కమిటీని అడగండి. ఒంగోలు జాతిని పెంచే చదలవాడ పశుక్షేత్రానికి వెళ్ళి మంచి పెయ్య ఎలా దొరుకుతుందో కనుక్కోండి. ఎంచేటప్పుడు సందేహం ఉంటే నేను వచ్చి చూస్తాను.