అప్‌డేట్: మొదటి మీటింగ్‌కి వెళ్లొచ్చాను

ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం) మీటింగ్‌కి వెళ్తే అందరి ముందూ మాట్లాడాలా అని పోయిన వారం అడిగాను కదా. నిన్న వెళ్లొచ్చాను.

తలుపు దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి తిరిగాను. మూడోసారి ఒక పెద్దాయన చూసి, 'కొత్తగా వచ్చారా, రండి' అని కుర్చీ చూపించారు. ఇక పారిపోయే దారి లేదు!

ఇంటిపేరు, ఉద్యోగం ఎవరూ అడగలేదు. ఫీజు లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటుంటే చాలట. ఒకరు చెప్తుంటే మిగతావాళ్లు మధ్యలో మాట్లాడరు, సలహాలివ్వరు. నా వంతు వచ్చినప్పుడు 'ఈరోజు వింటానండీ' అన్నాను. సరేనన్నారు. దీనికా నేను వారం రోజులు టెన్షన్ పడింది!

ఒకావిడ సీసాలు బీరువాలో చీరల వెనక దాచిన సంగతి చెప్తుంటే నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. నేను షూ డబ్బాలో దాచేవాణ్ణి.

తాగుడు నుంచి బయటపడటానికి వాళ్లు పాటించే 12 మెట్లలో దేవుడి మాట మాత్రం నాకింకా మింగుడుపడలేదు. చూద్దాం.

భార్యని తీసుకెళ్లొచ్చా అన్నవాళ్లకి: ఓపెన్ మీటింగ్‌కి ఎవరైనా రావచ్చు, క్లోజ్డ్ అయితే మనలాంటివాళ్లకే. ఇంకోటి, రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ముందు డాక్టర్‌ని కలవండి. నేను కలిశాకే ఆపాను.

గురువారం మళ్లీ వెళ్తున్నాను.